చిన్న చెక్క హ్యాంగర్లు: గోదావరి చెమ్మకు ఏ చెక్క, ఏ కొక్కెం, ఏ పూత?

పిల్లల గౌనులు, చొక్కాలు, రవికెలు తగిలించుకునే చిన్న చెక్క హ్యాంగర్లు ఇంటి వర్క్‌షాప్‌కు చక్కగా సరిపోయే పని. చెక్క తక్కువ పడుతుంది, పెద్ద మిషన్లు అక్కర్లేదు. దుకాణాల్లో చెక్కవి ఎక్కువగా పెద్దవాళ్ల కొలతకే, అంటే 40 నుంచి 45 సెం.మీ. వెడల్పుతో దొరుకుతాయి. రెండేళ్ల పాప గౌను వాటికి తగిలిస్తే చేతుల దగ్గర బట్ట సాగిపోయి బుడిపెలు తేలుతాయి. ప్లాస్టిక్‌వి చిన్న సైజులో దొరుకుతాయి కానీ ఎండ తగిలే చోట ఉంచితే పెళుసెక్కి పుటుక్కున విరుగుతాయి.

చేద్దామని కూర్చున్నాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి. ఏ చెక్క కొనాలి? ఒకే ముక్కలో కోయాలా, రెండు ముక్కలు అతకాలా? కొక్కెం ఎక్కడ దొరుకుతుంది? పైన ఏం పూయాలి? వీడియోల్లో చూపించే సమాధానాలు చాలావరకు పొడి దేశాలవి. అమలాపురంలోనో, పాలకొల్లులోనో, నరసాపురంలోనో ఉండేవాళ్లకు అవి ఉన్నవున్నట్టు పనికిరావు. ఇక్కడ జూన్‌లో మొదలైన చెమ్మ నవంబరు తుపాన్ల దాకా గాల్లోనే ఉంటుంది. సముద్రం దగ్గరైతే దానికి ఉప్పు కూడా తోడవుతుంది.

అందుకే ఎంపికలో దేనికి పెద్దపీట వేయాలో ముందే చెప్తాను. చెక్క ఎంత బలమైనదని చాలామంది అడుగుతారు. పసిపిల్లల బట్ట బరువు ఏపాటిది? దాన్ని దాదాపు ఏ చెక్కయినా మోస్తుంది. బట్టకు మరక అంటకూడదు, కొక్కెం తుప్పు పట్టకూడదు, వానాకాలంలో చెక్క వంకర పోకూడదు. ఈ మూడింటినీ బట్టి ఎంచుకుంటే తప్పు జరగదు. ధర ఆ తర్వాతే చూడాలి.

ముందు కొలత

బట్టను నేల మీద పరిచి ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా కొలవండి. రెండు వైపులా సెంటీమీటరు చొప్పున తగ్గిస్తే అదే హ్యాంగర్ వెడల్పు. ఏడాదిలోపు పిల్లలకు 25 సెం.మీ., రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు 28 నుంచి 30, పదేళ్ల దాకా 33 నుంచి 35 సరిపోతుంది. రవికెలకు 36 దగ్గర బాగుంటుంది. ఉప్పాడ జరీ చీరలకు మాత్రం ఈ ఆకారం వద్దు. బరువైన జరీ చీర ఏళ్ల తరబడి ఒకే మడత మీద వేలాడకూడదు. దాన్ని మెత్తని గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చడమే మేలు.

ఇకపై లెక్కలన్నీ 28 సెం.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న హ్యాంగర్‌కు చెప్తున్నాను.

చెక్క సంగతి

ధర భయం ముందు తీసేద్దాం. ఇంత హ్యాంగర్‌కు కావలసిన చెక్క ముక్క 28 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు. ఒక ఘనపుటడుగులో లెక్కకు ఇలాంటివి 90కి పైగా ఉంటాయి. కోతలో, చిత్రికలో, ముడులు తీసేయడంలో సగం పోయిందనుకున్నా 45 మిగులుతాయి. అడితిలో సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) ధర ఎంత చెప్పారో దాన్ని 45తో భాగించి చూడండి. ఖరీదైన టేకుకు కూడా ఒక్కో హ్యాంగర్ మీద పడే చెక్క ఖర్చు మరీ ఎక్కువేం కాదు. అసలు ఖర్చు మీ సమయం. గరుకు కాగితం పట్టడం, పూత వేయడం అన్నిటికీ ఒకటే. అంతసేపు శ్రమపడేది చవక చెక్క మీద ఎందుకు?

నా మొదటి ఓటు పాత ఇంటి టేకుకు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు పడగొట్టిన చోటల్లా వాసాలు, దూలాలు, తలుపు చట్రాలు అమ్మకానికి వస్తుంటాయి. ఆ చెక్క దశాబ్దాల పాటు ఇదే చెమ్మలో తడిసి, ఆరి, ఎంత వంకర పోవాలో అంతా ఎప్పుడో పోయింది. ఇప్పుడు పలకలుగా కోస్తే కదలదు. పైన నల్లగా, చెద గీతలతో అసహ్యంగా కనిపిస్తుంది. చిత్రికతో రెండు పట్లు పడితే లోపలి నుంచి బెల్లం రంగు చేవ బయటపడుతుంది. కొనే ముందు రెండు చూసుకోండి. ఒకటి, మేకులు. ఒక అయస్కాంతాన్ని చెక్క పొడవునా జరిపితే లోపల దాగిన మేకు దగ్గర అది అతుక్కుంటుంది. సామిల్లు వాళ్లు మేకులున్న చెక్కను కోయడానికి ఒప్పుకోరు, అది వాళ్ల రంపం బతుకు సమస్య. రెండోది, పాత సున్నం, రంగులు. తలుపుల మీది పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని గరుకు కాగితంతో రుద్ది పొడి చేయకండి. రంగున్న ముఖాన్ని సామిల్లులోనే పలచని బద్దగా కోయించి పారేయండి. పిల్లల బట్టలకు వాడే వస్తువు కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

కొత్త టేకు కొనాలంటే గుమ్మాలు, కిటికీలు చేసేచోట మిగిలిన ముక్కలు అడగండి. వాళ్లకు అడుగు పొడవు ముక్క దేనికీ పనికిరాదు, మనకు అదే కావాలి. గట్ల మీద పెంచి పదిహేను, ఇరవై ఏళ్లకే కొట్టేసిన టేకులో చుట్టూ తెల్ల చెక్క ఎక్కువ, మధ్యలో చేవ తక్కువ. తెల్ల భాగానికి పుచ్చు పడుతుంది కాబట్టి ముక్కలో చేవ ఎంతుందో చూసి తీసుకోండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అది పురుగును దూరం పెడుతుంది కానీ జిగురును, కొన్ని పూతలను సరిగా అంటనివ్వదు. అతికే ముందు ఆ చోటును థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు రాస్తే పట్టు దొరుకుతుంది.

మామిడి చెక్క ఇక్కడ సులువుగా, టేకు కంటే బాగా చవకగా దొరుకుతుంది. కోతకు మెత్తగా ఉంటుంది, నునుపు బాగా వస్తుంది, రంగు లేతగా ఉంటుంది. దాని శత్రువు పుచ్చుపురుగు. పచ్చి దుంగను వానాకాలంలో పడేస్తే నీలి మచ్చలు కూడా పడతాయి. మామిడి వాడాలనుకుంటే కోసిన వెంటనే పలకలను బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. మామూలుగా బోరిక్ యాసిడ్ ఒక పాలు, బోరాక్స్ ఒకటిన్నర పాలు కలుపుతారు. ఈ మందు నీళ్లకు మళ్లీ బయటికి వస్తుంది కాబట్టి పైన గట్టి పూత తప్పనిసరి. ఇంత శ్రమ పడలేను అనుకుంటే మామిడి జోలికి పోకండి. చెక్క కింద సన్నని పిండిలా రాలడం కనిపించిందంటే పురుగు అప్పటికే లోపల ఉంది. అలాంటి హ్యాంగర్‌ను బీరువాలో పెడితే మిగతా చెక్కకు కూడా పాకుతుంది.

పనస గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కోనసీమలో పెరట్లోనే దొరుకుతుంది, చూడటానికి పసుపు రంగులో మెరిసిపోతుంది. బొబ్బిలి వీణ చేసేది ఈ చెక్కతోనే. అంత మంచి చెక్కనూ హ్యాంగర్లకు వద్దంటాను. పనస చేవను నీళ్లలో మరిగిస్తే పసుపు రంగు దిగుతుంది. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు ఆ రంగే అద్దేవారు. బట్టకు రంగు వేయగల చెక్క మీద సరిగా ఆరని తెల్ల గౌను వేలాడదీస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పూత వేస్తే ఆగుతుంది, అయితే పూత ఎక్కడ గీసుకుపోతే అక్కడ మరక పొంచి ఉంటుంది. ముదురు రంగు బట్టలకు మాత్రమే వాడతానంటే సరే.

నల్లతుమ్మది ఇంకో రకం ఇబ్బంది. దాంట్లో వగరు పదార్థం, అంటే టానిన్, ఎక్కువ. టానిన్, ఇనుము, నీళ్లు మూడూ కలిస్తే నీలం కలిసిన నలుపు తయారవుతుంది. ఇనప కొక్కెం దిగిన బెజ్జం చుట్టూ నల్లటి వలయం, అక్కడి నుంచి కాలరు మీదికి మరక. స్టెయిన్‌లెస్ కొక్కెం పెడితే ఈ గొడవ ఉండదు. కానీ తుమ్మ బాగా గట్టి చెక్క, చేతి రంపంతో వంపులు తిప్పడం కష్టం.

వేప చెక్కకు పురుగు పట్టదని, బట్టల్లో పెడితే చిమ్మటలు రావని మనవాళ్ల నమ్మకం. చేవకు పురుగు తక్కువే, నిజం. పూత వేశాక ఆ చెక్క బట్టల పురుగులను ఆపుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. నార అటూ ఇటూ పెనవేసుకుని ఉండడంతో చిత్రిక పడితే పేళ్లు లేస్తాయి. ఓపిక ఉన్నవాళ్లకే అది.

నిద్రగన్నేరు చవక, తేలిక. దాని పొడికి ముక్కు, కళ్లు మండుతాయి, మాస్కు లేకుండా ముట్టకండి. నార సమస్య వేపకు ఉన్నట్టే ఉంటుంది. సరుగుడు ఆరేటప్పుడు బీటలిస్తుంది, హ్యాంగర్లకు పనికిరాదు.

కొబ్బరి చెక్కతో చేస్తే మన కోనసీమ గుర్తు ఉంటుంది కదా అని చాలామందికి ఆశ. 1996 నవంబరు 6 తుపానుకు ఇక్కడ తోటలకు తోటలే నేలకూలాయి. ఇప్పటికీ గాలివాన వస్తే ఎక్కడో ఒకచోట చెట్లు పడుతూనే ఉంటాయి, చెక్కకు కరువు లేదు. ముదురు చెట్టు మొదలు భాగంలో, బెరడుకు దగ్గరి చెక్క గట్టిగా, నల్లటి పోచలతో చాలా అందంగా ఉంటుంది. నడిమి భాగం మెత్తన, స్క్రూ నిలవదు. ఆ గట్టి చెక్కలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి మామూలు రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి, కార్బైడ్ పళ్ల బ్లేడు కావాలి. అంతకంటే పెద్ద సమస్య, పోచలు సూదుల్లా లేస్తాయి. లేసు బట్టకు అవి యమగండం. అతిథులకు చూపించుకోవడానికి, బరువైన చొక్కాలకు చేసుకోండి. నరసాపురం లేసు గౌన్లకు వద్దు.

కాకినాడ పోర్టుకు వచ్చే దిగుమతి సామాన్ల పెట్టెలు, ప్యాలెట్లు విప్పిన పైన్ చెక్క పాత సామాన్ల కొట్లలో దొరుకుతుంది. తేలిక, లేత రంగు, రంపానికి వెన్నలా తెగుతుంది. కొనే ముందు చెక్క మీద కాల్చి వేసిన ముద్ర చూడండి. గోధుమ కంకి గుర్తు పక్కన హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, పిల్లల వస్తువులకు దాన్ని ముట్టవద్దు. ముద్ర లేనిదీ వద్దు. పైన్ ముడుల దగ్గర జిగట బంక ఊరుతుంది, మన ఎండలకు ఇంకా కారుతుంది. ముడి లేని భాగం నుంచే ముక్క తీయండి.

ఇక ప్లైవుడ్. ఒకే కొలతలో యాభై, వంద కావాలంటే, దుకాణానికి చేసి ఇస్తుంటే, నిస్సంకోచంగా ఇదే తీసుకోండి. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల షీటు మీద మన కొలత ముక్కలు వందకు పైనే వస్తాయి. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి వంపు ఎటు కోసినా విరగదు, వానాకాలంలో వంకర పోదు. కాకపోతే మామూలు ఎంఆర్ రకం, అంటే చెమ్మను కొంతవరకే ఓర్చేది, ఇక్కడ తట్టుకోదు. ఐఎస్ 303 ముద్రతో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకు తట్టుకునే రకం) అని ఉన్నది గానీ, ఐఎస్ 710 మెరైన్ గానీ అడగండి. అంచులో పొరలు కనిపిస్తాయి, కొందరికి అదే అందం. చవక ప్లైలో పొరల మధ్య సందులుంటాయి, అంచును నునుపు చేసేటప్పుడు అవి నోరు తెరుస్తాయి. షీటు కొనేటప్పుడు నాలుగు అంచులూ వెలుతురులో పెట్టి చూడండి. ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన షీటు, వద్దు. ఒక్క ముసురుకు అంచులు ఉబ్బుతాయి, కొక్కెం ఊడొస్తుంది.

సొంత పెరట్లో చెట్టు కొట్టి చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. ముందే కనుక్కోండి. అడితిలో కొన్న టేకుకు బిల్లు దగ్గర పెట్టుకోండి.

ఆరబెట్టడం

పచ్చి పలకలు అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలన్నది వడ్రంగుల పాత లెక్క. 15 మి.మీ. పలకలకు ఎండాకాలం కలిసొస్తే కొన్ని నెలలు చాలు. ఎండలో పడేస్తే బీటలిస్తాయి. అటక మీదో, గాలి ఆడే వసారాలోనో మధ్యలో పుల్లలు అడ్డంపెట్టి పేర్చండి, కొసలకు పెయింట్ పూయండి. ఆరిందో లేదో చెయ్యి పెట్టి చెప్పలేం. వంటింటి డిజిటల్ కాటా మీద ఒక పలకను వారానికోసారి తూచి, బరువు పలక మీదే పెన్సిల్‌తో రాయండి. వరసగా మూడు వారాలు అంకె మారకపోతే ఆరినట్టే. ముసురు రోజుల్లో బరువు మళ్లీ కాస్త పెరుగుతుంది, కంగారు పడకండి.

ఒకే ముక్కా, రెండు ముక్కలా?

ఇక్కడ నార నడక అర్థమైతే ఎంపిక దానంతటదే తేలుతుంది. పలక మీద నార అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకు సాగుతుంది. హ్యాంగర్ చేయి మాత్రం కిందికి వాలుతుంది. ఆ వాలు వల్ల నార చేయి పొడవునా సాగకుండా మధ్యలోనే అంచు దాటి బయటికి వచ్చేస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న చేయి 20 డిగ్రీలు వాలితే ఒక్కో నార పోగు పొడవు 7 సెం.మీ. పైన కొంచెమే ఉంటుంది. 15 డిగ్రీలకు తగ్గిస్తే 9 దాటుతుంది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, హ్యాంగర్ మన చేతిలోంచి జారి గచ్చు మీద కొస తగిలేలా పడినప్పుడు విరిగేదీ మిగిలేదీ ఇక్కడే తేలుతుంది. అందుకని ఒకే ముక్కలో కోసేటప్పుడు వాలు 15 డిగ్రీలు దాటనివ్వకండి. 14 సెం.మీ. చేతికి అంటే కొస దగ్గర 4 సెం.మీ. కంటే కాస్త తక్కువ దిగుతుంది. పిల్లల భుజాలకు అంత వాలు ధారాళంగా సరిపోతుంది. పట్టీల గౌను జారకుండా పైన గాడి పెట్టాలంటే చెక్కలో 4 మి.మీ. లోతు మించకండి. ప్లైలో ఇంకొంచెం లోతు పెట్టుకోవచ్చు.

రెండు ముక్కల పద్ధతిలో ప్రతి చేతినీ దాని నార వెంట కోసి, మధ్యలో సగం సగం మందం తీసి ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతుకుతారు. చేయి విరిగే భయం ఉండదు, వాలు ఎంతైనా పెట్టుకోవచ్చు. అడుగు కూడా లేని తుక్కు ముక్కలు సైతం పనికొస్తాయి. చిక్కల్లా మధ్యలో కొక్కెం బెజ్జం సరిగ్గా జిగురు గీత వెంటే దిగుతుంది. 12 మి.మీ. మందంలో అటూ ఇటూ మిగిలేది చాలా తక్కువ. ఈ పద్ధతికి 18 మి.మీ. చెక్క తీసుకుని, ఫెవికాల్ మెరైన్ లాంటి నీళ్లకు తట్టుకునే జిగురు రాసి, పూర్తిగా ఒక రోజు బిగించి ఉంచాకే బెజ్జం వేయండి. పదేళ్ల పిల్లల కోట్లు, స్కూలు బ్లేజర్లకు ఇది మేలు. పసిపిల్లల బట్టలకు ఒకే ముక్క చాలు, అనవసరంగా పని పెంచుకోవద్దు.

కోయడానికి చేతి వంపు రంపం, జిగ్‌సా, బ్యాండ్‌సా మూడింటిలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జిగ్‌సా అనను. 12 మి.మీ. చెక్కకు చేతి వంపు రంపం నిదానంగానైనా శుభ్రంగా కోస్తుంది, చప్పుడు లేదు, కరెంటు పోయినా పని ఆగదు. జిగ్‌సా వేగమే కానీ చిన్న ముక్క మీద బ్లేడు కింది వైపు వాలిపోయి పైన ఒక గీత, కింద ఒక గీత వస్తుంది. ఆ తేడా సరిచేయడానికి పోయే సమయం జిగ్‌సా మిగిల్చిన దాని కంటే ఎక్కువ. ఇరవైకి పైగా చేసేవాళ్లు ప్లై అచ్చు ఒకటి కోసి పెట్టుకుని, బ్యాండ్‌సా ఉన్న మేస్త్రి దగ్గర ముతక కోత కోయించుకుని ఇంట్లో నునుపు చేసుకోవడం అన్నిటికంటే సుఖం. ట్రిమ్మర్ (అంచులు చెక్కే చిన్న కరెంటు మిషను) వాడితే ముక్కను చేత్తో పట్టుకుని అంచు తిప్పవద్దు. కొస దగ్గర బ్లేడు నారను పట్టుకుని ముక్కను విసిరేస్తుంది. అచ్చుకు బిగించి తిప్పండి. ఏ పద్ధతైనా మాస్కు తప్పదు. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది.

పై అంచును ఆకురాయితో బాగా గుండ్రం చేయండి. 12 మి.మీ. మందానికి దాదాపు సగం గుండ్రం, అంటే వేలు జార్చితే అంచు తెలియకూడదు. తర్వాత 80, 120, 180, 220 నంబర్ల గరుకు కాగితాలు వరసగా. మధ్యలో ఒక నంబరు దూకితే పాత గీతలు పోవు. 180 తర్వాత తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే అణిగిన పోగులు లేస్తాయి. ఆరాక 220 పడితే ఇక లేవవు. చివర్లో దూది ఉండతో చేయి పొడవునా రాయండి. ఎక్కడ దూది పోగు చిక్కుకుందో అక్కడ లేసు కూడా చిక్కుకుంటుంది.

కొక్కెం

హార్డ్‌వేర్ షాపులో రెడీమేడ్ మరల కొక్కేలు దొరికితే సగం పని తగ్గినట్టే. కానీ చాలావరకు ఇనుము మీద పలచని జింకు పూత ఉన్నవే ఉంటాయి. రాజమండ్రి, తణుకు వైపు ఇంట్లో వాడకానికి ఫర్వాలేదు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి అవి ఎక్కువ కాలం నిలవవు. ఇత్తడి తుప్పు పట్టదు కానీ పచ్చగా చిలుమెక్కుతుంది, ఆ చిలుము తెల్ల కాలరుకు అంటుతుంది.

నేను గట్టిగా చెప్పేది స్టెయిన్‌లెస్. అది దొరికే చోటు చాలామందికి తట్టదు. ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపులకు సరుకు అమ్మేచోట స్టెయిన్‌లెస్ ఫిల్లర్ కడ్డీలుంటాయి. మీటరు పొడవు, తిన్నగా, శుభ్రంగా. 2.4, 3.2 మి.మీ. మందాల్లో 3.2 అడగండి. ఒక్కో కొక్కేనికి 17, 18 సెం.మీ. పడుతుంది, కడ్డీకి ఐదు వస్తాయి. వంచడానికి అంగుళం జీఐ పైపు ముక్క చాలు. ఆ పైపు బయటి కొలత దాదాపు 34 మి.మీ., బీరువా కడ్డీ 25 మి.మీ. కాబట్టి కొక్కెం హాయిగా ఎక్కుతుంది. స్టెయిన్‌లెస్ వదలగానే కాస్త వెనక్కి విచ్చుకుంటుంది, అందుకని కావలసిన దానికంటే కొంచెం ఎక్కువ వంచి వదలండి. మొన ఆకురాయితో గుండ్రంగా చేయడం మర్చిపోవద్దు, అది పిల్లల కంటి ఎత్తులో ఉండే వస్తువు.

చెక్కలోకి నేరుగా మర తిప్పడం సులువు, అయితే ప్లై అంచులో మర దిగితే పొరలు విచ్చుకుంటాయి. పై నుంచి కిందికి పూర్తిగా 3.5 మి.మీ. బెజ్జం వేసి, కింది వైపు 8 మి.మీ. డ్రిల్లుతో సెంటీమీటరు లోతు గుంట తీయండి. కడ్డీ చివర కొంచెం అరగదీసి 3 మి.మీ. డైతో మర కోసి, కింద వాషరు, నట్టు బిగిస్తే గుంటలో దాగిపోతాయి. వాటిని కూడా స్టెయిన్‌లెస్‌వే కొనండి. నట్టు ఊడకుండా ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే సరి. ఇలా బిగించిన కొక్కెం గుండ్రంగా తిరుగుతుంది. డ్రిల్లు 12 మి.మీ. అంచులో పక్కకు పోకుండా ముందు మేకుతో చిన్న గుంట కొట్టి, పై నుంచి సగం, కింద నుంచి సగం వేయండి.

పూత

కొబ్బరినూనె రాస్తే చాలదా అని మన దగ్గర తప్పకుండా అడుగుతారు. చాలదు, పైగా చెడగొడుతుంది. కొబ్బరినూనె ఎన్నాళ్లయినా ఆరి గట్టిపడే రకం కాదు. చెక్కలో నూనెగానే ఉండి బట్టకు అంటుతుంది, కొన్నాళ్లకు మక్కిన వాసన వస్తుంది. అవిసె నూనె ఆరుతుంది కానీ చెమ్మ రోజుల్లో చాలా నిదానం, లేత చెక్కను పసుపు చేస్తుంది. అది తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో ముంచి, విడదీసి బయట ఆరేయాలి.

లక్క పాలిష్ అందంగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది. మన వానాకాలంలో వేస్తే పొగ పట్టినట్టు తెల్లబడుతుంది, మే నెల వేడికి మెత్తబడి బట్టకు అతుక్కునే ప్రమాదం ఉంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్‌కు కూడా చెమ్మలో ఆ తెల్లదనం తప్పదు. మేస్త్రులు ఎక్కువగా చెప్పే మెలమైన్ గట్టి పూత, చవక కూడా. వాసన ఘాటు, అది పూర్తిగా పోయేదాకా పసిపిల్లల బట్టలు తగిలించకండి.

నీళ్లతో కలిపే పీయూ (పాలీయురెథేన్ పూత) ధర ఎక్కువే అయినా లేసు, తెల్ల బట్టలకు నేను దాన్నే ఎంచుకుంటాను. రంగు మారదు, ఆరాక అంటదు, వాసన తక్కువ. పలచగా మూడు చేతులు, అంటే మూడు పొరలు, ఒక్కో పొరకు మధ్య 320 కాగితంతో తేలిగ్గా ఒక పట్టు. కొక్కెం బెజ్జం లోపల, కింది గుంటలో కూడా సన్నని బ్రష్‌తో తప్పకుండా పూయండి. చెమ్మ ముందుగా దూరేది అక్కడి నుంచే. టేకుకైతే థిన్నర్‌తో తుడిచాకే మొదటి చేయి వేయాలి. ఏ పూతైనా సంక్రాంతి దాటాక, ఎండలు ముదరక ముందు వేసుకుంటే సగం తలనొప్పులు ఉండవు. ఆషాఢంలో ఆర్డర్ వస్తే ఆలస్యమవుతుందని ముందే చెప్పి ఒప్పుకోండి.

ఎవరికి ఏది

ఇంట్లో ఇద్దరు పిల్లలకు పది, పన్నెండు చేసుకునేవాళ్లు పాత ఇంటి టేకు, ఒకే ముక్క కోత, స్టెయిన్‌లెస్ కొక్కెం, నీళ్ల పీయూ తీసుకోండి. పిల్లలు పెద్దయ్యాక వాళ్ల పిల్లలకూ వస్తాయి. లేసు గౌన్లు అమ్మే దుకాణానికి వందల్లో ఇవ్వాలంటే బీడబ్ల్యూఆర్ ప్లై, కొక్కెం అదే, పూత అదే. అక్కడ కొక్కెంలో పొదుపు చేయకండి, ఒక్క తుప్పు మరకతో ఒక గౌను పోతే మీ పేరు పోతుంది. డబ్బు బొత్తిగా పెట్టలేని వాళ్లు హెచ్‌టీ ముద్ర ఉన్న పైన్‌తో మొదలుపెట్టి చెయ్యి కుదుర్చుకోండి. మామిడి, మందు పట్టించే ఓపిక ఉంటేనే. పనస, తుమ్మ ముదురు బట్టలకు మాత్రమే.

ఏది ఎంచుకున్నా బీరువాలోకి వెళ్లే ముందు ఒక పరీక్ష పెట్టండి. పాత తెల్ల నూలు గుడ్డను తడిపి, పిండి, హ్యాంగర్ చేతుల మీదా కొక్కెం మొదట్లోనూ చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున విప్పి పగటి వెలుతురులో చూడండి. గోధుమ, పసుపు, నలుపు, ఏ నీడ కనిపించినా ఆ చోట మళ్లీ గరుకు పట్టి ఇంకో రెండు చేతులు పూత వేసి, వారం ఆగి మళ్లీ చుట్టండి. కొక్కెం దగ్గర ఎర్రగా వస్తే మీరు కొన్నది స్టెయిన్‌లెస్ కాదు, లేదా లోపలి నట్టు ఇనపది. గుడ్డ తెల్లగానే ఉంటే అదే హ్యాంగర్‌కు రెండు కిలోల బియ్యం సంచి తగిలించి ఒక రోజు ఉంచండి. మధ్యలో జాయింటు విచ్చకుండా, కొక్కెం వంగకుండా ఉంటే గౌను తగిలించుకోవచ్చు.